త్రిశూలం ఎవరి చేతిలో ఉందో ముందు చూడండి: పాత పతకాల మీద సముద్ర దేవతల గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విశాఖలో మీ తాతగారి ట్రంకుపెట్టెలో ఒక వెండి పతకం దొరికింది. బొమ్మ వైపు రాణి తల, దాని కింద 1848. బొరుసు వైపు చేపతోక ఉన్న గుర్రం మీద ఒక పక్కకు తిరిగి కూర్చున్న స్త్రీ, చేతిలో త్రిశూలం. నానమ్మగారు ఆవిడను అమ్మవారనుకుని ఏళ్ల తరబడి దేవుడి గూట్లో ఉంచి బొట్టు పెడుతున్నారు. ఆవిడ ఎవరు, యుద్ధ పతకాల మీద ఇలాంటి సముద్ర దేవతల బొమ్మలు ఎందుకు వేస్తారు, ఇది అసలుదేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఆవిడ దేవత కాదు, బ్రిటానియా. మనం దేశాన్ని భారతమాతగా ఎలా గీసుకున్నామో, వాళ్లు తమ దేశాన్ని అలా స్త్రీగా గీసుకున్నారు. ఆమె ఎక్కి కూర్చున్నది సముద్రాశ్వం. ముందు సగం గుర్రం, వెనక సగం చేప. గ్రీకులు దాన్ని హిప్పోకాంపస్ అన్నారు. చేతిలో ఉన్నది రోమన్ల సముద్ర దేవుడు నెప్ట్యూన్ ఆయుధం. బొమ్మ మొత్తానికి అర్థం ఒక్కటే: సముద్రం మాది. మీరు రాసిన పోలికలన్నీ బ్రిటిష్ నేవల్ జనరల్ సర్వీస్ మెడల్‌కు సరిపోతున్నాయి. 1793 నుంచి 1840 దాకా జరిగిన నౌకాయుద్ధాల కోసం 1847లో మంజూరు చేసిన పతకం అది. చెక్కింది విలియం వయన్. అసలుదా, నకలా అన్నది అంచు చూస్తే గానీ తేలదు. ఆ సంగతి కింద రాశాను.

నేను ముప్ఫై ఏళ్లుగా నాణేలు, పతకాలు పోగుచేస్తున్నాను. సముద్రం బొమ్మలున్నవంటే ప్రత్యేకమైన ఇష్టం. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఈ బొమ్మల్లో ఉన్నది భక్తి కాదు, హక్కు. ఫలానా రాజు, ఫలానా దేశం సముద్రం మీద తనకు అధికారం ఉందని అందరికీ చాటుకోవడానికి వేయించిన బొమ్మలివి. కాబట్టి పతకం చేతికి రాగానే నేను దేవుడు ఎవరని చూడను. త్రిశూలం ఎవరి చేతిలో ఉందని చూస్తాను. సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

త్రిశూలం గురించి ఒక జాగ్రత్త. మన కంటికి త్రిశూలం కనబడగానే శివుడో అమ్మవారో గుర్తుకు రావడం సహజం. మీ నానమ్మగారు అనుకున్నది కూడా అందుకే. గ్రీకు, రోమన్ బొమ్మల్లో అది పుట్టింది మాత్రం చేపలను పొడిచే మూడు మొనల బల్లెం నుంచి. దాన్ని సముద్ర దేవుడు పొసైడన్‌కు ఇచ్చారు. రోమన్లు ఆయన్నే నెప్ట్యూన్‌గా కొలిచారు. మన వరుణుడి చేతిలో ఉండేది పాశం, ఆయన వాహనం మకరం. ఇద్దరూ నీటికి దేవుళ్లే గానీ, ఒకరి గుర్తులు ఇంకొకరికి అంటగడితే పతకం తప్పుగా చదివినట్టే. ఒకసారి కాకినాడ నుంచి ఒకాయన తన దగ్గరున్న పతకం ఫొటో పంపి, మీద మకరం ఉంది కాబట్టి మన గుడికి సంబంధించినదై ఉండాలని రాశారు. చూస్తే అది డాల్ఫిన్. పాత యూరప్ చెక్కుడు పనివాళ్లు డాల్ఫిన్‌ను నిజమైన డాల్ఫిన్‌లా గీయలేదు. పొలుసులు, లావు పెదవులు, మెలి తిరిగిన తోక, నుదుటి మీద రెక్క పెట్టి గీశారు. అలవాటు లేని కంటికి అది మకరంలాగే ఉంటుంది. లంగరుకు చుట్టుకుని కనిపిస్తే మాత్రం డాల్ఫినే. రోమన్ చక్రవర్తి టైటస్ నాణేల నాటి నుంచీ ఆ జంట వస్తూనే ఉంది.

గుర్రానికి సముద్రంతో ఏం పని అని మీరు అడగలేదు గానీ, చాలామంది అడుగుతారు. పొసైడన్ గ్రీకులకు సముద్రంతో పాటు గుర్రాలకు కూడా దేవుడే. ఒడ్డుకు విరుచుకుపడే కెరటం నురగను చూస్తే జూలు విదిల్చే గుర్రం గుర్తుకు రావడం విశాఖ బీచిలో పెరిగినవాళ్లకు కొత్త సంగతి కాదు. ఆ గుర్రానికి చేపతోక తగిలిస్తే దేవుడి రథానికి వాహనం సిద్ధం.

ఈ అలవాటు ఎంత పాతదో తెలిస్తే మీ పతకం బాగా అర్థమవుతుంది. క్రీ.పూ. 306లో సైప్రస్ దగ్గర సలామిస్‌లో డెమెట్రియస్ అనే రాజు ఈజిప్టు టాలమీ నౌకాదళాన్ని ఓడించాడు. ఆ గెలుపు మీద వేయించిన వెండి నాణేల మీద ఒక వైపు ఓడ ముక్కు మీద నిలబడి బూర ఊదుతున్న విజయదేవత, రెండో వైపు త్రిశూలం ఎత్తిన పొసైడన్ ఉంటారు. తర్వాత రోమ్‌లో సెక్స్టస్ పాంపే అనే సేనాని సిసిలీని పట్టుకుని, తాను నెప్ట్యూన్ కొడుకునని చెప్పుకున్నాడు. అతని నాణేల మీద నెప్ట్యూన్ ఉన్నాడు, నడుం కింద కుక్కల తలలతో, చేతిలో చుక్కానితో ఓడల మీద పడే స్కిల్లా రాక్షసి కూడా ఉంది. క్రీ.పూ. 36లో అగ్రిప్పా అనే సేనాని అతన్ని సముద్రం మీదే ఓడించాడు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు అగ్రిప్పా మనవడు కాలిగులా చక్రవర్తి అయ్యాక తాత పేరిట రాగి నాణేలు వేయించాడు. ముందు వైపు ఓడ ముక్కుల కిరీటం పెట్టుకున్న అగ్రిప్పా. వెనక వైపు ఒక చేతిలో డాల్ఫిన్, ఇంకో చేతిలో త్రిశూలంతో నెప్ట్యూన్. కొడుకునని చెప్పుకున్నవాడు ఓడిపోయాడు, దేవుడు గెలిచినవాడి నాణెం మీదకు వచ్చి నిలబడ్డాడు. ఈ రెండు నాణేలను పక్కపక్కన పెట్టి చూపించకుండా కొత్తవాళ్లకు నేను సముద్ర పతకాల గురించి చెప్పడం మొదలుపెట్టను.

నాణేలు వేరు, పతకాలు వేరు. నాణెం చెలామణికి, పతకం జ్ఞాపకానికి. జ్ఞాపకార్థం పతకం పోతపోయించుకునే పద్ధతి 15వ శతాబ్దపు ఇటలీలో స్థిరపడింది. వాళ్లు ఈ పాత నాణేలను చూసే పని నేర్చుకున్నారు, కాబట్టి దేవుళ్లు కూడా అక్కడి నుంచే నడిచి వచ్చారు.

వాటిలో నాకు ప్రాణంతో సమానమైనది జెనోవా నౌకాసేనాని ఆండ్రియా డోరియా పతకం. 1541 నాటిది. బొమ్మ వైపు గడ్డం పెంచిన డోరియా, భుజం వెనక త్రిశూలం, కింద డాల్ఫిన్. మనిషి మనిషిగానే ఉన్నాడు, దేవుడి ఆయుధం మాత్రం వెనక నుంచి తొంగి చూస్తోంది. డోరియానే నెప్ట్యూన్ అని నోటితో చెప్పకుండా చెప్పేశాడు శిల్పి. ఆ శిల్పి పేరు లియోన్ లియోని. రోమ్‌లో పోప్ టంకశాలలో పనిచేస్తూ, పోప్ దగ్గరి నగల పనివాడిని కొట్టి గాయపరిచాడు. కుడిచేయి నరకమని శిక్ష పడి, అది తప్పి గాలీ ఓడల్లో తెడ్డు వేసే శిక్షగా మారింది. ఓ ఏడాది తర్వాత డోరియా మాట సాయంతో విడుదలయ్యాడు. ఆ కృతజ్ఞతతో చేసినదే ఈ పతకం. కొన్ని ప్రతుల్లో వెనక వైపు లియోని తన ముఖాన్నే చెక్కుకున్నాడు. చుట్టూ అంచులా తిరిగినవి సంకెళ్లు. ముందు వైపు సముద్రాన్ని ఏలే దేవుడు, వెనక వైపు అదే సముద్రం మీద గొలుసులతో తెడ్డు లాగిన మనిషి. ఇంత చిన్న లోహపు ముక్కలో ఇంత జీవితం ఇంకెక్కడా చూడలేదు నేను. ఆ చేయి నరికేసి ఉంటే ఈ పతకమే లేదు.

ఇక రష్యా. 1716 ఆగస్టులో పీటర్ చక్రవర్తి బోర్న్‌హోమ్ ద్వీపం దగ్గర రష్యా, డెన్మార్క్, హాలండ్, బ్రిటన్ నౌకాదళాలు నాలుగింటికీ కలిపి అధిపతిగా నిలిచాడు. అంతకు పాతికేళ్ల ముందు రష్యాకు బాల్టిక్ సముద్రంలో ఓడరేవే లేదు. పతకం మీద రెండు సముద్రాశ్వాలు లాగుతున్న గవ్వ రథంలో నెప్ట్యూన్, చుట్టూ నాలుగు దేశాల జెండాలు, పైన "నాలుగింటినీ ఏలుతున్నాడు" అని రష్యన్‌లో రాత. ఇక్కడ నెప్ట్యూన్ అంటే పీటరే. అయితే ఆ నాలుగు దళాలూ కలిసి స్వీడన్ మీద దిగాలన్న పథకం ఆ శరత్కాలంలోనే ఆగిపోయింది. పతకం మాత్రం మిగిలింది. పతకం చెప్పేది జరిగిన చరిత్ర అనుకోవద్దు. వేయించినవాడు జనం ఎలా గుర్తుంచుకోవాలని కోరుకున్నాడో అది చెబుతుంది. ఈ తేడా పట్టుబడటానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అదే పీటర్ 1721లో స్వీడన్‌తో సంధి కుదిరాక వేయించిన పతకం చూస్తే, ఈసారి సముద్ర దేవుడు లేడు. నీళ్ల మీద నోవహు ఓడ, ఒక పక్క స్టాక్‌హోమ్, ఇంకో పక్క పీటర్స్‌బర్గ్, రెండింటినీ కలుపుతూ ఇంద్రధనుస్సు, ఆలివ్ కొమ్మ పట్టుకుని ఎగిరి వస్తున్న పావురం. 21 ఏళ్లు సాగిన యుద్ధాన్ని జలప్రళయంతో పోల్చారు. మనకు మత్స్యావతారం, మనువు ఓడ వెంటనే మెదులుతాయి. సముద్రం మీద పెత్తనం చాటాలంటే నెప్ట్యూన్‌ను, సముద్రం శాంతించిందని చెప్పాలంటే నోవహును పిలిచారు. ఐదేళ్ల తేడాతో ఒకే రాజు ఈ రెండూ వేయించాడు.

ఇప్పుడు మీ బ్రిటానియా దగ్గరకు వద్దాం. మొదట్లో ఆమె చేతిలో ఉండేది త్రిశూలం కాదు, మామూలు బల్లెం. 1794లో అడ్మిరల్స్‌కు, కెప్టెన్లకు ఇవ్వడానికి పెట్టిన నేవల్ గోల్డ్ మెడల్ మీద కూడా అంతే. పాతకాలపు ఓడ మీద బ్రిటానియా నిలబడి ఉంటుంది, విజయదేవత వచ్చి తల మీద దండ పెడుతుంది, చేతిలో బల్లెం. నాణెం మీద ఆమె చేతికి త్రిశూలం వచ్చింది 1797లో. ఆ ఏడాది బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద అచ్చువేసిన పెద్ద రాగి పెన్నీ అది. ఒక్కో పెన్నీ ఒక ఔన్సు తూగేది. బండి చక్రంలా ఉందని కార్ట్‌వీల్ అని పిలిచారు. దాని మీద బ్రిటానియా రాతి మీద కూర్చుని ఉంటుంది, కాళ్ల దగ్గర అలలు, దూరంగా ఓడ, ఒక చేతిలో ఆలివ్ కొమ్మ, ఇంకో చేతిలో త్రిశూలం. నెప్ట్యూన్ బొమ్మలో లేడు, ఆయుధం మాత్రం చేతులు మారిపోయింది. అప్పటికి ఫ్రాన్స్‌తో యుద్ధం నడుస్తోంది, బ్రిటన్ బలమంతా ఓడల్లో ఉంది.

మన ఊళ్లతో సంబంధం ఉన్న మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. అదే సోహో టంకశాలలో 1794లో, 1797లో ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం రాగి నాణేలు కొట్టించింది. రూపాయికి 48 అని వాటి మీదే ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది. గంజాం నుంచి గుంటూరు దాకా చెలామణి కోసం వచ్చిన నాణేలవి. కోస్తా జిల్లాల్లో పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు అప్పుడప్పుడు కనబడతాయి. మీ ట్రంకుపెట్టెలో అలాంటి రాగి బిళ్లలు ఉంటే పారేయకండి.

1804 సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే అది మీ పతకానికీ, మీ ఊరికీ రెండింటికీ తగులుతుంది.

ఆ ఏడాది నెపోలియన్ ఇంగ్లండ్ మీద దిగడానికి బూలోన్ తీరంలో సైన్యాన్ని, పడవలను పోగుచేశాడు. గెలుపు ఖాయమనుకుని పతకం కూడా తయారు చేయించాడు. దాని మీద హెర్క్యులిస్ ఒక మనిషిని గాల్లోకి ఎత్తి నలిపేస్తున్నాడు. ఆ మనిషికి నడుం కింద చేపతోక. "ఇంగ్లండ్ మీద దిగుట" అని చుట్టూ, కింద "1804లో లండన్‌లో అచ్చువేసినది" అని ఫ్రెంచిలో రాసి ఉంది. గ్రీకు కథలో ఆంటియస్ అనే మల్లుడికి నేల తాకుతున్నంతసేపు బలం తగ్గదు, అందుకే హెర్క్యులిస్ వాణ్ని నేల మీద నుంచి ఎత్తి చంపుతాడు. ఇక్కడ చెక్కుడు పనివాడు ఆంటియస్‌కు చేపతోక పెట్టాడు. ఇంగ్లండ్ స్థానబలం సముద్రం, అక్కడి నుంచి ఎత్తేస్తే చచ్చినట్టే అని భావం. ఊహ గొప్పదే. కానీ సైన్యం ఇంగ్లిష్ చానల్ దాటలేదు, లండన్‌లో ఆ పతకం అచ్చుపడలేదు. తర్వాత దాన్ని అణిచేశారు. ఇప్పుడు బయట దొరికేవన్నీ దాదాపు తర్వాతి కాలపు నకళ్లే.

ఆ నకళ్లలో ఒకటి నన్ను కూడా ముంచింది. కొత్తగా ఈ పిచ్చి పట్టిన రోజుల్లో ఒక వ్యాపారి దాన్ని అసలుదని చెప్పి నాకు అమ్మాడు. నా సగం నెల జీతం అది. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పగటి వెలుతురులో పదింతలు చూపించే భూతద్దం పెట్టి చూశాను. చేపతోక మీద పొలుసులు విడివిడిగా లేవు, సబ్బు బిళ్ల మీద గీతల్లా కరిగిపోయి ఉన్నాయి. అక్షరాల అడుగున గుండుసూది మొనంత గుంటలు. అంచు చుట్టూ వేలు తిప్పితే సన్నటి గీత తగిలింది. అచ్చుతో కొట్టినదైతే అలా ఉండదు. ఉన్నదాన్ని మట్టిలో ఒత్తి పోతపోసిన సరుకు అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దాన్ని ఇప్పటికీ దగ్గరే ఉంచుకున్నాను. కొత్తవాళ్లు ఎవరొచ్చినా ముందు దాన్నే చేతిలో పెట్టి, తోక చూడమంటాను.

ఇప్పుడు విశాఖ. నెపోలియన్ ఈ పతకం చేయించిన 1804లోనే, సెప్టెంబరులో, ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ మారెంగో అనే పెద్ద యుద్ధనౌకతో, మరో రెండు ఫ్రిగేట్లతో విశాఖపట్నం ముందుకు వచ్చాడు. అక్కడ సెంచూరియన్ అనే పాత బ్రిటిష్ యుద్ధనౌక, రెండు వ్యాపార ఓడలు లంగరు వేసి ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డు మీద ఉన్నాడు. ఫిరంగుల పోరులో బార్నబాస్ అనే ఓడ ఒడ్డుకు కొట్టుకుపోయి అలల్లో ముక్కలైంది. ప్రిన్సెస్ షార్లెట్ అనే ఓడ ఫ్రెంచివాళ్లకు లొంగిపోయింది. సెంచూరియన్ బాగా దెబ్బతిన్నా నిలబడింది. లినోయిస్ దాన్ని వదిలి వెళ్లిపోయాడు.

ఈ చిన్న యుద్ధానికి కూడా మీ దగ్గరున్న రకం పతకం మీద ఒక పట్టీ ఉంది. ఈ పతకానికి రిబ్బన్ మీద అడ్డంగా సన్నటి వెండి పట్టీలు వస్తాయి, ఒక్కో యుద్ధానికి ఒక్కో పట్టీ. మొత్తం 231 రకాలు మంజూరయ్యాయి. ట్రఫాల్గర్, నైల్ లాంటి పెద్ద పేర్ల మధ్య "సెంచూరియన్, 1804" అన్న పట్టీ కూడా ఉంది. విశాఖ తీరం మీద జరిగిన పోరు అదే. మీ పతకానికి ఆ పట్టీ ఉందని నేను అనడం లేదు. అది చాలా అరుదు, మీరు పట్టీ సంగతే రాయలేదు. కానీ చేపతోక గుర్రం ఎక్కిన ఆ స్త్రీకీ, మీరు సాయంత్రం నడిచే ఆ తీరానికీ ఇలాంటి సంబంధం ఉందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఇందులో నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటుంది. 1794 బంగారు పతకం పెద్ద అధికారులకే. ఫిరంగులు లాగిన నావికులకు దేశం తరఫున ఏమీ ఇవ్వలేదు. యుద్ధాలు అయిపోయిన ఎన్నో ఏళ్లకు, 1847లో, అన్ని హోదాలవాళ్లకూ ఈ వెండి పతకం ఇస్తామన్నారు. అదీ బతికి ఉండి, తమంతట తాము దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు. 1793లో 20 ఏళ్లున్న కుర్రాడు అప్పటికి 74 ఏళ్ల ముసలివాడు. చదువు రానివాళ్లు, కబురు అందనివాళ్లు ఎంతమందో. చివరికి ఇచ్చినవి సుమారు 21 వేలు. ఆ సముద్రాశ్వం ఎంత హుందాగా ఉన్నా, దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ దరఖాస్తులే గుర్తొస్తాయి.

అసలు ప్రతి ఒకటి నేను ఒక మిత్రుడి ఇంట్లో చేత్తో పట్టుకుని చూశాను. బ్రిటానియా కంగారు లేకుండా, అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. గుర్రం ముందరి కాళ్లు గాల్లో లేచి ఉన్నాయి, తోక మెలి తిరిగి వెనక్కి పోయింది, పొలుసు పొలుసుకూ నీడ పడుతోంది. పాత వెండి కాబట్టి బొమ్మ చుట్టూ నీలి బూడిద రంగు పట్టి, ఎత్తుగా ఉన్న మోకాలు, గుర్రం మెడ మాత్రం మెరుస్తున్నాయి. యాభై ఏళ్లు ఆగిన ఏ ముసలి నావికుడో బొటనవేలితో రుద్దుకుని ఉంటాడు.

అన్ని పతకాలూ పెత్తనం గురించే అనుకోకండి. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు కార్పేథియా అనే ఓడ మంచు కొండల మధ్య నుంచి దూసుకొచ్చి ఏడు వందల మందికి పైగా ప్రాణాలతో ఎక్కించుకుంది. బతికినవాళ్లు చందాలు వేసుకుని ఆ ఓడ కెప్టెన్ ఆర్థర్ రోస్ట్రన్‌కూ సిబ్బందికీ పతకాలు చేయించి ఇచ్చారు. మధ్యలో మంచు కొండల నడుమ ఓడ, పైన గడ్డం ఉన్న నెప్ట్యూన్ తల, పక్కల డాల్ఫిన్లు, కింద లంగరు. అధికారులకు బంగారం, వెండి, మిగతా సిబ్బందికి కంచు. ఇందులో త్రిశూలం ఎవరి చేతిలోనూ లేదు. నెప్ట్యూన్ ఇక్కడ ఎవరి తరఫునా యుద్ధానికి రాలేదు, మనుషుల్ని మింగిన సముద్రంగానే ఉన్నాడు. ఆ సముద్రం నుంచి కొందరిని లాగి తెచ్చినవాళ్లకు మిగిలినవాళ్లు దండం పెట్టినట్టుంటుంది ఆ పతకం. ఇంతకుముందు చెప్పిన రాజుల పతకాలన్నీ ఒక ఎత్తు, నాకు ఇదొక్కటీ ఒక ఎత్తు.

మన తీరం సంగతి కూడా ఒక్క మాటలో. శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ ఉంటుంది. యజ్ఞశ్రీ శాతకర్ణివి ప్రసిద్ధి. అక్కడ సముద్ర దేవుడు లేడు, ఓడే ఉంది. ఆయుధంతో పెత్తనం చాటే రోమన్ పద్ధతికీ, సరుకు మోసే ఓడనే ముద్ర వేసుకున్న మన పద్ధతికీ తేడా చూడండి. ఈనాటి మన నౌకాదళం నినాదంలో మాత్రం దేవుడున్నాడు: శం నో వరుణః. వరుణుడు మనకు శుభం కలిగించుగాక అని. అది ప్రార్థన.

ఇక మీ పతకం అసలుదో కాదో చూసుకునే పద్ధతి.

అసలుది వెండి, సుమారు 36 మిల్లీమీటర్ల అడ్డం. అంచు మీద, అంటే పతకం మందం మీద, ఎవరికి ఇచ్చారో ఆ మనిషి పేరు పెద్ద అక్షరాల్లో ఒత్తి ఉంటుంది. అధికారి అయితే హోదా కూడా ఉంటుంది, మామూలు నావికుడైతే చాలావరకు పేరు ఒక్కటే. అంచు నున్నగా ఉందంటే నకలు కావచ్చు, లేదా తర్వాత ఎవరో పేరు చెరిపేసి ఉండొచ్చు. చెరిపితే అంచు మందం అన్ని చోట్లా సమానంగా ఉండదు. గుర్రం తోక మీద పొలుసులు భూతద్దంలో చూడండి. విడివిడిగా, పదునుగా కనబడాలి. నేను పైన చెప్పిన గుంటలు, అంచు గీత ఉంటే పోతపోసినదే. రిబ్బన్ అసలు రంగు తెలుపు, రెండు అంచులా ముదురు నీలం. పాత రిబ్బన్ చిరిగి మార్చి ఉండొచ్చు కాబట్టి రిబ్బన్‌ను బట్టి మాత్రం తీర్పు చెప్పకండి.

దయచేసి తోమకండి. చింతపండు, విభూతి, టూత్‌పేస్టు ఏదీ పెట్టొద్దు. మన ఇళ్లలో వెండి నల్లబడితే వెంటనే చేయి ఊరుకోదు, నాకు తెలుసు. కానీ ఆ నలుపే దానికి రక్షణ, వయసుకు సాక్ష్యం. తోమితే పొలుసులతో పాటు విలువా పోతుంది. బొమ్మను వేళ్లతో తాకకుండా అంచు పట్టుకుని ఎత్తండి, ప్లాస్టిక్ కవర్లో కాకుండా మెత్తటి కాగితంలో పెట్టండి.

ధర గురించి అడిగారు. అంచు మీద పేరు, రిబ్బన్ మీద పట్టీ, ఈ రెండూ తెలియకుండా ఎవరైనా ధర చెబితే నమ్మకండి. ఇంకో ముఖ్యమైన మాట. నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. విదేశాలకు పంపడం నేరం. ఇక్కడ వ్యాపారంగా అమ్మాలన్నా లైసెన్సు ఉండాలి. అమెరికాలో ఉన్న మీ తమ్ముడికి పంపుదామని రాశారు, ఆ ఆలోచన మానుకోండి.

తాతగారి చేతికి అది ఎలా వచ్చిందన్నది పేరు దొరికితే కొంత తెలియవచ్చు. ఈ పతకాలు ఎవరెవరికి ఇచ్చారో ఆ జాబితాలు లండన్ శివార్లలోని క్యూలో, బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 171 అన్న వరుసలో భద్రంగా ఉన్నాయి. అంచు చుట్టూ నాలుగు ఫొటోలు తీసి పెట్టండి. వెలుతురు పక్క నుంచి పడేలా, ఫ్లాష్ లేకుండా. పేరులో ఒక్క అక్షరం చదవగలిగినా నేను కూర్చుని వెతుకుతాను.

నానమ్మగారికి చెప్పేటప్పుడు మెల్లగా చెప్పండి. ఇన్నేళ్లు నమ్మి దీపం పెట్టారు, గూట్లోంచి తీసేయాల్సిన అవసరం ఏమీ లేదు. బొట్టు మాత్రం పతకం మీద కాకుండా దాని కింద పెట్టే పీట మీద పెట్టమనండి. కుంకుమ తడితో కలిసి అంచు అక్షరాల సందుల్లోకి దిగితే, మనం చదవాల్సిన పేరే కనబడకుండా పోతుంది.